నిండు హాల్లో ‘న్యూ మూన్’ మళ్ళీ చూడటం: సమగ్ర మార్గదర్శి

స్టెఫనీ మేయర్ నవలల ఆధారంగా వచ్చిన ‘ట్వైలైట్’ సినిమాల వరుసలో రెండోదైన ‘న్యూ మూన్’ 2009 నవంబర్ 20న అమెరికాలో విడుదలైంది. అర్ధరాత్రి ఆటలే 2 కోట్ల 63 లక్షల డాలర్లు రాబట్టాయి. మొదటి రోజు మొత్తం వసూలు 7 కోట్ల 27 లక్షలు. ఈ రెండూ అప్పటికి రికార్డులే. మొదటి వారాంతం ముగిసేసరికి ఆ మొత్తం 14 కోట్ల 28 లక్షలకు చేరింది. అంతటి జనంలో, అన్ని కేకల మధ్య చూసినవారికి కథ అర్థమయి ఉంటుంది గానీ, మాటల్లో చాలా భాగం చెవిన పడి ఉండదు. అందుకే ఈ సినిమాను హాల్లోనే రెండోసారి చూడాలనే కోరిక చాలామందికి కలుగుతుంది. మొదటి నవల వెలువడి 20 ఏళ్ళయిన సందర్భంగా 2025 అక్టోబర్ చివర్లో ఈ సినిమాలన్నిటినీ అమెరికా థియేటర్లలో మళ్ళీ వేసినప్పుడు, తొలిసారి బడిపిల్లలుగా చూసినవారు పెద్దవాళ్ళయి ఆ కోరికతోనే తిరిగి వెళ్ళారు.

ఈ సినిమాకు నిండు హాలు కావాలి. కథానాయిక బెల్లాను ప్రేమించే ఇద్దరిలో రక్తపిశాచి అయిన ఎడ్వర్డ్ పక్షం, తోడేలుగా మారే జేకబ్ పక్షం అని ప్రేక్షకులు రెండుగా చీలి అరుచుకోవడం దాని చరిత్రలో భాగం. అయితే దాని అసలు బలం మాత్రం మాటలు తక్కువగా ఉండే చోట, ఒక అమ్మాయి నెలల తరబడి కుర్చీలోంచి కదలలేకపోయే చోట ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సందడీ ఈ నిశ్శబ్దమూ రెండూ దక్కాలంటే కొంత ముందస్తు ఏర్పాటు అవసరం. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఎందుకు వెళుతున్నారో తేల్చుకోండి

మళ్ళీ చూడటానికి వెళ్ళేవారిలో రెండు రకాల వారుంటారు. మొదటిసారి పొందిన ఉత్సాహాన్ని పదిమందితో మళ్ళీ పొందాలనుకునేవారు కొందరు, మొదటిసారి తప్పిపోయినవాటిని పట్టుకోవాలనుకునేవారు మరికొందరు. ఏ ఆటకు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని వెంట తీసుకువెళ్ళాలి అనేవన్నీ ఈ ఒక్క నిర్ణయాన్ని బట్టే మారతాయి. ఒకే ఆటలో రెండూ సాధించడం కష్టమేమీ కాదు. అయితే రెండిటిలో ఏది ముఖ్యమో ముందే అనుకోకపోతే, పక్కవారి కేకలకు విసుక్కుంటూ, నిశ్శబ్దంగా ఉన్నచోట కేకల కోసం ఎదురుచూస్తూ సాయంత్రమంతా గడిచిపోతుంది.

రెండో మెట్టు: ఇంట్లో చేసుకోవలసిన తయారీ

మొదటి సినిమాను ముందు రోజు మళ్ళీ చూడటం మంచిది. కథ గుర్తు చేసుకోవడం కోసం కంటే రంగుల కోసం చూడమని చెబుతాను. 2008లో వచ్చిన మొదటి సినిమాకు దర్శకురాలు కేథరిన్ హార్డ్‌విక్. అందులో కథ జరిగే ఫోర్క్స్ ఊరంతా నీలం, బూడిద రంగుల్లో తడిసినట్టు ఉంటుంది. రెండో సినిమాకు దర్శకత్వం క్రిస్ వైట్జ్ చేతికి, ఛాయాగ్రహణం హవియెర్ అగిర్రెసరోబె చేతికి, సంగీతం కార్టర్ బర్వెల్ నుంచి అలెగ్జాండర్ దెస్‌ప్లా చేతికి వచ్చాయి. తెర మీద బంగారు, గోధుమ ఛాయలు పెరిగాయి. నిన్న నీలంగా చూసిన ఊరు ఇవాళ వెచ్చని రంగులో కనబడితే, మొదటిసారి గమనించని ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది.

‘న్యూ మూన్’ నవల దొరికితే, ఎడ్వర్డ్ బెల్లాను విడిచి వెళ్ళిపోయిన తర్వాత వచ్చే పేజీలను మాత్రం ఒకసారి తిరగేయండి. 2006లో వచ్చిన ఆ పుస్తకంలో అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లు మాత్రమే అచ్చువేసి, మిగతా పేజీ అంతా ఖాళీగా వదిలేశారు. బెల్లా జీవితంలో ఆ నెలల గురించి చెప్పడానికి ఏమీ లేదని ఆ తెల్లకాగితమే చెబుతుంది. తెర మీద ఖాళీ పేజీ చూపించడం కుదరదు కాబట్టి దర్శకుడు దానికి బదులు ఏం చేశాడన్నది ఈ సినిమాలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ప్రశ్న. దాని సంగతి తర్వాత వస్తుంది.

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ ముగింపు కూడా గుర్తు చేసుకుని వెళ్ళండి. సినిమా మొదట్లో తరగతి గదిలో ఉపాధ్యాయుడు అడిగినప్పుడు ఎడ్వర్డ్ ఆ నాటకం అయిదో అంకంలోని పంక్తులు ఒప్పజెబుతాడు. ప్రియురాలు చనిపోయిందని పొరబడి ప్రాణం తీసుకోబోయే ప్రియుడి కథే చివరకు ఎడ్వర్డ్ కథ అవుతుంది. బెల్లా కుటుంబ మిత్రుడు హారీ క్లియర్‌వాటర్ అంత్యక్రియల గురించి ఫోన్లో జేకబ్ అన్న మాటను ఎడ్వర్డ్ బెల్లా అంత్యక్రియలుగా అర్థం చేసుకుంటాడు. మొదటిసారి ఇది చప్పున దాటిపోతుంది. నాటకం గుర్తుంటే, తరగతి గదిలోనే ముడి పడిందని రెండోసారి తెలుస్తుంది.

ఇంకొక విషయం కూడా తెలుసుకుని వెళ్ళడం మన బాధ్యత అనుకుంటాను. జేకబ్ తెగగా చూపించిన క్విలియూట్ ప్రజలు కల్పితం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ తీరాన లా పుష్‌లో వారు నేటికీ నివసిస్తున్నారు. తమ పూర్వీకులు తోడేళ్ళ నుంచి మనుషులుగా మారారనే మూలకథ వారికి నిజంగానే ఉంది. అయితే రక్తపిశాచులతో వైరం, పౌరుషం పొంగగానే తోడేళ్ళయిపోయే కుర్రాళ్ళు రచయిత్రి కల్పన. సునామీ ముప్పు నుంచి తప్పించుకోవడానికి ఎత్తైన నేల కావాలని ఆ తెగ చాలాకాలం ప్రయత్నించగా, 2012లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో ఆలింపిక్ నేషనల్ పార్క్ భూమి కొంత వారికి దక్కింది. తెర మీది తోడేళ్ళకు ఈలలు వేసే ముందు ఆ పేరు వెనక ఇంతమంది మనుషులున్నారని తెలిసి ఉండటం మంచిది.

మూడో మెట్టు: ఆటనూ హాలునూ ఎంచుకోవడం

శుక్ర, శనివారాల రాత్రి ఆటలు సందడి కోరేవారికి, వారం మధ్యలో మధ్యాహ్నం ఆటలు నిశ్శబ్దం కోరేవారికి తగినవి. రెండూ కావాలంటే ఆదివారం మ్యాటినీ చూసుకోండి. హాలు నిండుతుంది గానీ, శుక్రవారం రాత్రి ఉండే పోటాపోటీ అరుపులు కాస్త తగ్గుతాయి.

అమెరికాలో ఉన్నవారు థియేటర్ నియమాలు కూడా చూసుకోవాలి. ఉదాహరణకు ఆలమో డ్రాఫ్ట్‌హౌస్ హాళ్ళలో మామూలు ఆటల్లో మాట్లాడితే బయటకు పంపిస్తారని పేరు. అదే సంస్థ ప్రత్యేకంగా వేసే పార్టీ ఆటల్లో మాత్రం ప్రేక్షకులు తెరతో పాటు మాటలు చెప్పవచ్చు, కేకలు వేయవచ్చు. టికెట్ కొనేటప్పుడు ఆ రెండిటిలో ఏదో చూడకుండా కొంటే ఇబ్బంది తప్పదు. మాటలు ఒక్కటి కూడా పోకూడదనుకునేవారు తెర మీదే అక్షరాలు వచ్చే ఓపెన్ క్యాప్షన్ ఆట ఉందేమో వెతకండి. కేకల మధ్య మాటలు అందడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

మన రీరిలీజ్ షోలకు అలవాటుపడినవారికి ఒక మాట. కాగితాలు చించి ఎగరేయడం, తెర ముందుకు వెళ్ళి గంతులేయడం, హాల్లో టపాసులు కాల్చడం అక్కడ కుదరవు. ఇక్కడ కూడా పరదాకు దగ్గర నిప్పు ఎప్పుడూ ప్రమాదమే. చప్పట్లు, ఈలలు, కేకలు మాత్రం ఎక్కడైనా అర్థమవుతాయి.

నాలుగో మెట్టు: సీటు

హాలు లోతులో మూడింట రెండు వంతుల దూరంలో, వరుస మధ్యలో ఉండే సీట్లు తీసుకోండి. థియేటర్లలో శబ్దాన్ని సరిచూసేటప్పుడు సాధారణంగా ఆ ప్రాంతాన్నే కొలమానంగా పెట్టుకుంటారు కాబట్టి, అన్ని స్పీకర్ల ధ్వనీ అక్కడ సమతూకంగా వినిపిస్తుంది. కేకలు ఎక్కువగా లేచేది స్నేహబృందాలు గుంపుగా కూర్చున్నచోట. సీట్ల పటంలో ఒకేసారి ఎనిమిది పది సీట్లు బుక్ అయిన వరుస కనబడితే, మీ కోరికను బట్టి దానికి ఒక వరుస ముందో, నాలుగు వరుసల వెనకో తీసుకోండి. ఈ సినిమాను వెడల్పాటి స్కోప్ తెర కోసం తీశారు కాబట్టి మరీ ముందు వరుసల్లో కూర్చుంటే, గుండ్రంగా తిరిగే కెమెరా వల్ల తల తిరిగే అవకాశం ఉంది.

అయిదో మెట్టు: వెంట వచ్చేవారు, తినుబండారాలు, సమయం

సినిమా ఎప్పుడూ చూడనివారిని ఒకరిని వెంట తీసుకువెళితే, మీకు తెలిసిన మలుపుల దగ్గర వారి ముఖం చూసే ఆనందం దక్కుతుంది. ఇద్దరు ముగ్గురు కొత్తవారుంటే మాత్రం వారికి సమాధానాలు చెబుతూనే మీ సినిమా అయిపోతుంది. పదమూడేళ్ళలోపు పిల్లలతో వెళ్ళే తల్లులూ పిన్నులూ ఒకసారి ఆలోచించుకోవాలి. దీనికి అమెరికాలో పీజీ-13 రేటింగ్ ఇచ్చారు. ఎడ్వర్డ్‌తో విడిపోవడం వల్ల బెల్లా కుంగిపోయి ప్రమాదాలను కోరి తెచ్చుకునే భాగం, తోడేళ్ళ పోరాటం కంటే పిల్లల మనసు మీద ఎక్కువ పని చేయగలదు. ఇంటికి వచ్చాక దాని గురించి పిల్లలతో కూర్చుని మాట్లాడేటట్టయితేనే తీసుకువెళ్ళండి.

సినిమా నిడివి 130 నిమిషాలు. అమెరికాలో ఇంటర్వెల్ ఉండదు, పైగా ముందు ట్రైలర్లకే ఇరవై నిమిషాల దాకా పడుతుంది. నీళ్ళ సీసా ఖాళీ చేసే ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. తప్పనిసరిగా బయటకు వెళ్ళవలసి వస్తే, జేకబ్ రహస్యం బయటపడిన తర్వాత గుంపు నాయకుడికి కాబోయే భార్య ఎమిలీ ఇంట్లో తోడేళ్ళ గుంపును పరిచయం చేసే ఘట్టంలో వెళ్ళండి. రెండోసారి చూసేవారికి వారెవరో తెలుసు కాబట్టి నష్టం తక్కువ. చిప్స్ పొట్లాలన్నీ ట్రైలర్లప్పుడే విప్పేసుకోవడం అందరి మీదా దయ చూపడమే. సినిమా మొదలయిన అరగంటలోపే, పొట్లం చప్పుడు హాలంతా వినబడే నిశ్శబ్దం వస్తుంది.

ఆరో మెట్టు: ఎక్కడ అరవాలి, ఎక్కడ ఊరుకోవాలి

ఈ మార్గదర్శిలో ముఖ్యమైన భాగం ఇదే. నిండు హాలు తనంతట తానే కొన్నిచోట్ల అరుస్తుంది. ఆ చోట్లు ముందే తెలిసి ఉంటే, అరుపు కింద నలిగిపోయే మాటను చెవి ఒగ్గి పట్టుకోవచ్చు.

తెర మీద చంద్రబింబం క్రమంగా క్షీణించి పేరు కనబడగానే మొదటి కేక లేస్తుంది. తర్వాత బడి కారు పార్కింగులో ఎడ్వర్డ్ నెమ్మదిగా నడిచి వస్తాడు. రాబర్ట్ ప్యాటిన్సన్ కోసం హాలు హోరెత్తేది ఇక్కడే. మనసారా అరవండి. ఇక్కడ పోయే మాటలేమీ లేవు. ఆ వెంటనే జేకబ్ వచ్చి, చెడు కలలను వలలో పట్టుకుంటుందని చెప్పే కానుకను బెల్లాకు పుట్టినరోజు బహుమతిగా ఇస్తాడు. ముందు ముందు ఆమెకు రాబోయే పీడకలలన్నిటికీ ఈ చిన్న వస్తువే ముందుసూచన. మొదటిసారి చూసినవారిలో చాలామంది టేలర్ లాట్నర్ భుజాలు చూస్తూ దీన్ని వదిలేసి ఉంటారు.

పుట్టినరోజు విందులో బహుమతి కాగితం అంచు తగిలి బెల్లా వేలు తెగుతుంది. ఒక్క చుక్క రక్తం కింద పడుతుంది. ఎడ్వర్డ్ కుటుంబంలోని రక్తపిశాచి జాస్పర్ ఆమె మీదకు దూకుతాడు, ఎడ్వర్డ్ ఆమెను పక్కకు నెట్టడంతో ఆమె గాజు సామాన్ల మీద పడి అసలు గాయం అప్పుడు అవుతుంది. కాపాడబోయిన చేతి వల్లే పెద్ద గాయం కావడాన్ని నెమ్మదిగా గమనించండి. ఎడ్వర్డ్ ఊరు విడిచిపోవాలనుకునే కారణమంతా ఆ క్షణంలోనే ఉంది.

అడవిలో అతను వెళ్ళిపోయే దృశ్యం నుంచి దయచేసి మౌనంగా ఉండండి. ఆ తర్వాత వచ్చేదే నేను ముందు చెప్పిన ఖాళీ పేజీలకు తెర ఇచ్చిన రూపం. బెల్లా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటుంది. కెమెరా ఆమె చుట్టూ తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తయి కిటికీ దగ్గరకు వచ్చేసరికి బయట నెల మారిపోయి ఉంటుంది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అని అక్షరాలు పడుతుంటాయి, బయట రంగుటాకులు పోయి మంచు వస్తుంది, లోపల ఆమె మాత్రం అలాగే ఉంటుంది. నేపథ్యంలో స్వీడన్ గాయని లిక్కె లీ పాట వినిపిస్తుంది. మొదటిసారి పాట విని ఉంటారు కాబట్టి, రెండోసారి కిటికీ అద్దం వైపు చూడండి. కాలం అక్కడే కదులుతుంది. అంతమంది కూర్చున్న హాల్లో ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకుండా ఉంటే, ఒంటరిగా ఇంట్లో చూసినప్పటి కంటే ఈ దృశ్యం చాలా బరువుగా తగులుతుంది. నిండు హాలుకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఇదే కారణం. జనమంతా కలిసి పాటించే మౌనం ఇంట్లో దొరకదు.

మోటార్ సైకిల్ మీంచి పడ్డ బెల్లా నుదుటి రక్తం తుడవడానికి జేకబ్ చొక్కా విప్పుతాడు. సినిమా మొత్తంలో అతి పెద్ద కేక ఇదే. ఆపడానికి ప్రయత్నించకండి, ఆగదు. అయితే ఆ హోరు కింద ఒక చక్కటి సంభాషణ ఉంది. నువ్వు ఒకరకంగా అందంగా ఉన్నావని బెల్లా అంటుంది, తలకు దెబ్బ ఎంత గట్టిగా తగిలిందని అతను అడుగుతాడు. నెలల తర్వాత ఆమె నోట వచ్చిన తేలికైన మాట అది. క్రిస్టెన్ స్టూవర్ట్ ఆ మాటను ఎంత అలవోకగా అందో వినాలంటే, చొక్కా సంగతి కళ్ళకు వదిలేసి చెవిని మాట మీద పెట్టండి.

హాల్లో కూర్చుని హాల్లో కూర్చున్నవారిని చూసే దృశ్యం కూడా ఇందులో ఉంది. బెల్లా, ఆమె తరగతి స్నేహితుడు మైక్, జేకబ్ కలిసి ఒక ఫైటింగ్ సినిమాకు వెళతారు. బెల్లా మధ్య సీటులో ఉంటుంది. అటొకరు ఇటొకరు కుర్రాళ్ళిద్దరూ కుర్చీ చేతుల మీద అరచేతులు పైకి తెరిచి పెట్టి, ఆమె పట్టుకుంటుందేమోనని ఎదురుచూస్తారు. ఆమె మాత్రం తన చేతులు దగ్గరకు ముడుచుకుంటుంది. ఒక్క మాట లేకుండా ముగ్గురి పరిస్థితీ తెలిసిపోతుంది. రెండు పక్షాల వారూ ఇక్కడ హాయిగా నవ్వుకుంటారు.

జేకబ్ పరుగెత్తుతూ గాలిలోకి ఎగిరి తోడేలుగా మారే చోట శబ్దం గుండెల్లో తగలాలి. టిపెట్ స్టూడియో తయారుచేసిన ఆ తోడేళ్ళు పెద్ద తెర మీద చూడదగినవి. వాటి బొచ్చు కంటే వాటి కళ్ళను గమనించమని సలహా. బెల్లా మీద పగబట్టిన రక్తపిశాచి విక్టోరియాను తోడేళ్ళు అడవిలో తరిమే భాగం థామ్ యార్క్ పాట మీద దాదాపు మాటలు లేకుండా నడుస్తుంది. ఒకవైపు వేట, ఒకవైపు హారీ గుండె ఆగిపోవడం, ఇంకొకవైపు కొండ అంచున బెల్లా. ఎడిటింగులో ఈ మూడిటినీ పేనిన తీరు మొదటిసారి కంగారులో అందదు.

వంటింట్లో జేకబ్, బెల్లా ముద్దుకు దగ్గరయ్యేసరికి ఫోన్ మోగుతుంది. హాల్లో సగం నిట్టూర్పు, సగం చప్పట్లు. మీ చుట్టూ ఎవరు ఏ పక్షమో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఎడ్వర్డ్ ప్రాణం తీసుకోబోయే ఇటలీ భాగాన్ని కథ ప్రకారం వోల్తెర్రా అంటారు గానీ, చిత్రీకరించింది టస్కనీలోని మోంతెపుల్చానో ఊళ్ళో. ఎర్రటి అంగీల గుంపును చీల్చుకుంటూ బెల్లా పరుగెత్తే చౌకులోని ఫౌంటెన్‌ను సినిమా కోసమే కట్టారు. బంగారు ఛాయల మధ్య ఆ ఎరుపు ఎంత గట్టిగా కంటికి తగులుతుందో చూడండి. తర్వాత రక్తపిశాచుల పాలకులైన వోల్టురీల సభలో, వారి నాయకుడు ‘ఆరో’గా మైకేల్ షీన్ పలికించిన నవ్వుకు హాలు కూడా నవ్వుతుంది. అది సహజమే. అప్పుడే డకోటా ఫానింగ్ వైపు చూడండి. అందరూ కదులుతున్న సభలో ఆమె జేన్ పాత్రను కదలకుండా నిలబడే భయపెట్టేలా చేసింది. ఎడ్వర్డ్, బెల్లా మెరుస్తూ అడవిలో పరుగులు తీసే భవిష్యద్దర్శనం దగ్గర కూడా నవ్వులు వస్తాయి. ఎంత నవ్వినా, అదే దృశ్యం ‘ఆరో’ మనసు మార్చి వారిని బతికిస్తుందన్నది మరిచిపోవద్దు.

చివర్లో ఎడ్వర్డ్ పెళ్ళి మాట అడుగుతాడు, జవాబు రాకముందే తెర నల్లబడుతుంది. హాలంతా ఒక్కసారిగా అరుస్తుంది. జవాబు తెలిసిన మీరు ఆ అరుపులో కలిసిపోండి.

ఏడో మెట్టు: ఆట అయ్యాక

పేర్లు పడుతుండగా లేవకండి. డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ పాట పూర్తిగా వినడానికీ, పక్క వరుసవారు ఏమనుకుంటున్నారో వినడానికీ అదే సమయం. బయటకు వచ్చాక, ఈసారి కూడా కేకల్లో కొట్టుకుపోయిన మాటలేవో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిని మూడోసారి ఇంట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసినప్పుడు పూరించుకోవచ్చు. తర్వాతి భాగమైన ‘ఎక్లిప్స్’ను కూడా హాల్లోనే చూడబోతుంటే, ఆ కాగితం తీసి మరీ వెళ్ళండి. పెళ్ళి ప్రశ్నకు బెల్లా ఎందుకు తడబడుతుందో అందులో కొనసాగుతుంది, అక్కడ కూడా జేకబ్ కనబడగానే కేకలు తప్పవు.